మోకాళ్ల నొప్పి ఉన్న నాన్నగారితో విశాఖ బీచ్ రోడ్డు: సమాధానం

అమ్మానాన్నలు, ఎనిమిదేళ్ల బాబుతో ఒక్క సాయంత్రంలో అక్కడ ప్రదర్శనకు ఉంచిన కురుసురా జలాంతర్గామి, నౌకాదళ నిఘా విమానం టీయూ-142 రెండూ చూడటం కుదురుతుందా అని అడిగారు. తప్పకుండా కుదురుతుంది. రెండూ రోడ్డుకు అటూ ఇటూ ఎదురెదురుగానే ఉన్నాయి. సోమవారం మాత్రం పెట్టుకోకండి, కురుసురాకు సెలవు.

అసలు చిక్కు నాన్నగారి మోకాళ్లు. జలాంతర్గామిలోకి మెట్లెక్కి వెళ్లాలి, లోపల దారి బాగా ఇరుకు, అక్కడక్కడా వంగి నడవాలి. వెనక జనం వస్తుంటారు కాబట్టి మధ్యలో ఆగి సేదతీరడం కష్టం. ఆయన్ను అందులోకి తీసుకెళ్లొద్దనే నా సలహా. మీరు, బాబు వెళ్లి రండి. ఒకదానిమీద ఒకటిగా బిగించిన పడకలు, గోడల నిండా గొట్టాలు, చక్రాలు చూస్తే నావికులు నెలల తరబడి అందులో ఎలా బతికారో వాడికి ఇట్టే అర్థమవుతుంది. 1969లో నౌకాదళంలో చేరిన ఈ నౌక 2001 దాకా పనిచేసింది.

నాన్నగారికి టీయూ-142 నచ్చుతుంది. విమానం లోపలికి మెట్లున్నా, ఎక్కకుండానే చూడదగినది చాలా ఉంది. రెక్కల కింద నిలబడి తలెత్తి చూడమనండి: నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటిగా రెండేసి పంకాలు, అవి ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. పక్కనున్న ప్రదర్శనశాలలో విమానం విడిభాగాలు కూడా దగ్గర నుంచి చూడొచ్చు.

ఎండ తగ్గాక ముందు జలాంతర్గామికి వెళ్లండి. పెద్దవాళ్లు ఆలోగా బీచ్ గట్టుమీద కూర్చుంటారు.