బేస్ ఇంటి దగ్గరా, బోనస్ ఎక్కడో దూరానా: పైలట్ ఉద్యోగాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు, గ్రీన్‌కార్డు ఉంది. ఇక్కడే ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేస్తూ ఎయిర్‌లైన్‌లో చేరడానికి కావాల్సిన 1,500 గంటలకు దగ్గరపడ్డాడు. రెండు రీజినల్ ఎయిర్‌లైన్స్ (పెద్ద కంపెనీల కోసం చిన్న విమానాలు నడిపేవి) ఉద్యోగం ఇస్తామన్నాయి. ఒకదానికి డాలస్‌లోనే బేస్ (డ్యూటీ మొదలయ్యే విమానాశ్రయం), బోనస్ లేదు. రెండోది మంచి బోనస్ ఇస్తుందట, కానీ బేస్ ఫిలడెల్ఫియా, పైగా ట్రైనింగ్ క్లాసు ఆరు వారాలు ఆలస్యం. ఏది మేలు?
– ఒక తల్లి, ఇర్వింగ్, టెక్సస్

జవాబు: అమ్మా, డాలస్‌కే వెళ్లమనండి. కొత్తగా చేరిన ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కోపైలట్‌ని, మొదట రిజర్వ్‌లో పెడతారు: పిలుపు వస్తే వెళ్లేలా సిద్ధంగా ఉండాలి. షార్ట్‌కాల్ రిజర్వ్ అంటే ఫోన్ వచ్చిన రెండు గంటలకు అటూ ఇటూగా యూనిఫామ్‌తో విమానాశ్రయంలో ఉండాలి. ఇర్వింగ్ నుంచైతే తింటున్న అన్నం ముగించి బయల్దేరినా అందుతుంది. ఫిలడెల్ఫియా అయితే ముందురోజే జంప్‌సీట్ (పైలట్లు ఉచితంగా ప్రయాణించే అదనపు సీటు) వెతుక్కుని వెళ్లాలి, అక్కడ పైలట్లు మంచానికింత అని పంచుకునే క్రాష్‌ప్యాడ్‌కు అద్దె కట్టాలి. నెలలో నాలుగు విడతలు రిజర్వ్ పడిందంటే, రానూపోనూ కలిపి నాలుగు నుంచి ఎనిమిది సెలవు రోజులు దారిలోనే కరిగిపోతాయి. టెక్సస్‌లో ఉరుముల కాలం వస్తే జంప్‌సీటూ దొరకదు. అలా డ్యూటీకి అందుకోలేకపోతే కంపెనీ ఏం చేస్తుందో కాంట్రాక్టులో, వేరే ఊరి నుంచి వచ్చే పైలట్లకు వర్తించే కమ్యూటర్ క్లాజులో ఉంటుంది, ఎటు చేరినా అది చదవమనండి.

బోనస్‌ని విడిగా లెక్కవేయండి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ గ్రూపు రీజినల్స్ 2022లో మొదటి ఏడాది రేటును గంటకు 90 డాలర్లకు పెంచాయి, పోటీలో చాలా కంపెనీలు అదే బాట పట్టాయి. ఎగిరినా ఎగరకపోయినా నెలకు 75 గంటల జీతం గ్యారంటీ అనుకుంటే పన్నులకు ముందు 6,750 డాలర్లు. అందుకని జీతాల్లో పూర్వమున్నంత తేడా లేదు, ఆకర్షణంతా బోనస్‌దే. అది సాధారణంగా విడతలుగా వస్తుంది, గడువుకు ముందే మానేస్తే తిరిగి కట్టాలి. కొన్ని ఒప్పందాల్లో పన్ను కోసి చేతికిచ్చిన మొత్తం కాకుండా పూర్తి మొత్తం కట్టమని రాసి ఉంటుంది. సంతకానికి ముందు ఆ ఒక్క వాక్యం వెతకండి.

ఆ ఆరు వారాల ఆలస్యం బోనస్ కంటే ఖరీదైనది. ఈ వృత్తిలో బేస్, షెడ్యూలు, సెలవులు, కెప్టెన్సీ అన్నీ సీనియారిటీ నంబరు మీదే నడుస్తాయి. ఆ ఆరు వారాల్లో చేరినవాళ్లంతా ఆ కంపెనీలో మీవాడి కంటే పైనే ఉండిపోతారు, రిటైరయ్యే దాకా. ఒకే క్లాసులో చేరినవాళ్ల వరుస మాత్రం కంపెనీని బట్టి పుట్టినతేదీతోనో సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి అంకెలతోనో తేలుతుంది, దానికి మనం చేసేదేమీ లేదు.

తర్వాత ఆ కంపెనీ ఎవరిదో చూడండి. ఎన్వాయ్, పీఎస్‌ఏ, పీడ్‌మాంట్ అమెరికన్ గ్రూపువి. వాటి నుంచి సీనియారిటీ వరుసలో, ఇంటర్వ్యూ లేకుండా అమెరికన్‌లోకి వెళ్లే ఫ్లో ఉంది. రిక్రూటర్‌ని 'ఎన్నేళ్లు పడుతుంది' అని అడిగితే ఆశపెట్టే జవాబే వస్తుంది. 'పోయిన నెల ఫ్లో అయినవాళ్లు ఇక్కడ ఏ సంవత్సరంలో చేరారు?' అని అడగమనండి, అసలు లెక్క అప్పుడు బయటపడుతుంది. స్కైవెస్ట్‌ది వేరే పద్ధతి: యునైటెడ్, డెల్టా, అమెరికన్, అలాస్కా నాలుగింటికీ నడుపుతుంది కాబట్టి ఒకరు కాంట్రాక్టు తగ్గించినా మిగతావి నిలబెడతాయి. దాని విలువ 2020లో తెలిసింది. ట్రాన్స్ స్టేట్స్, కంపాస్ ఏప్రిల్‌లో మూతపడ్డాయి. ఒక్క యునైటెడ్ మీదే ఆధారపడిన ఎక్స్‌ప్రెస్‌జెట్ సెప్టెంబర్‌లో ఆ పని పోగొట్టుకుంది. సీనియారిటీని వెంట తీసుకెళ్లే వీలు లేదు గనక అక్కడి సీనియర్ కెప్టెన్లు ఇంకో కంపెనీలో చేరాలంటే జాబితా అడుగునుంచి మొదలుపెట్టాల్సిందే.

పైలట్లు అవసరానికి మించి ఉన్న బేస్‌తోనూ చిక్కే. రిజర్వ్‌లో ఇంట్లో కూర్చున్నా గ్యారంటీ జీతం వస్తుంది, గంటలు రావు. చెక్‌రైడ్ (శిక్షణ చివర జరిగే పరీక్ష) అయిన 120 రోజుల్లో ఆ విమానం మీద 100 గంటలు పూర్తి చేయాలన్నది నిబంధన. తప్పితే అదనపు శిక్షణో తనిఖీయో తప్పదు. కెప్టెన్ కావడానికి ఎయిర్‌లైన్‌లో కోపైలట్‌గా 1,000 గంటలు కావాలి. కొత్తవాళ్లు నెలకు నిజంగా ఎన్ని గంటలు ఎగురుతున్నారో అడిగితే ఈ రెండూ తేలతాయి.

చివరగా లాగ్‌బుక్ ఒకసారి విప్పి చూడమనండి. ఇన్‌స్ట్రక్టర్లు ఎక్కువగా రన్‌వే చుట్టూనే తిరుగుతారు కాబట్టి 1,500 నిండినా 50 నాటికల్ మైళ్లు దాటిన క్రాస్‌కంట్రీ (ఊరి నుంచి ఊరికి ఎగిరే) గంటలు చాలకపోవచ్చు. పూర్తి ఏటీపీకి, అంటే ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సుకు, అవి 500 కావాలి, రాత్రి గంటలు 100, ఇన్‌స్ట్రుమెంట్ (పరికరాలు మాత్రమే చూస్తూ ఎగిరేవి) 75. క్రాస్‌కంట్రీ 200 దాటి 500లోపు ఉంటే పరిమిత ఏటీపీతో చేరవచ్చు. రెండింజన్ల విమానం మీద గంటలు కూడా లెక్క చూసుకోవాలి. క్లాసు తేదీ వచ్చాక ఇవి తక్కువని తెలిస్తే ఆ సీటు పోతుంది.

ప్రశ్న: సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) వచ్చి ఏడాదైంది. ప్రొపెల్లర్లతో నడిచే ఏటీఆర్ 72 విమానాల ఓ రీజినల్ కంపెనీ బాండ్‌తో (ఇన్నేళ్లు పనిచేస్తాననే ఒప్పందంతో) ఉద్యోగం ఇస్తానంటోంది. జెట్ విమానమైన ఎయిర్‌బస్ 320 కోసం ఆగమని స్నేహితులు అంటున్నారు. ఏం చేయను?
– విజయవాడ పాఠకుడు

జవాబు: కంపెనీ నికరమైనదైతే చేరండి, ఆగకండి. ఎగరకుండా గడిచే ప్రతి నెలా లైసెన్సును బతికించుకోవడానికి ఖర్చు తెస్తుంది, ఇంటర్వ్యూలో ప్రశ్నలూ తెస్తుంది. ఏటీఆర్‌లో ఆటోథ్రాటిల్ (ఇంజన్ శక్తిని తనంతట తానే సర్దే ఏర్పాటు) ఉండదు, పవర్ చేత్తోనే చూసుకోవాలి. చిన్న రన్‌వేలు, పక్కగాలులు, రోజుకు నాలుగేసి సెక్టార్లు (ఒక్కో ప్రయాణం ఒక సెక్టార్). ఏడాది తిరిగేసరికి చేయి బాగా కుదురుతుంది. నష్టమేమిటంటే విదేశీ కంపెనీలు చాలావరకు జెట్ గంటలే అడుగుతాయి. ఇండిగో లాంటి చోట ఏటీఆర్, ఎయిర్‌బస్ రెండూ ఉన్నాయి కాబట్టి లోపలే మారే దారి ఉందా, మారితే సీనియారిటీ మిగులుతుందా అని అడగండి.

నికరమో కాదో తేల్చుకోవడమే అసలు పని. మీ ఊరి నుంచే 2013లో ఎయిర్ కోస్టా మొదలై 2017లో ఆగింది. హైదరాబాద్ ట్రూజెట్ 2015లో లేచి 2022లో ఆగింది. ట్రూజెట్ పైలట్ల చేతిలో ఏటీఆర్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఉంది, దేశంలో ఆ విమానాలు నడిపేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎయిర్ కోస్టావి ఎంబ్రేయర్లు. అప్పటికి ఇక్కడ ఆ రేటింగ్‌కు గిరాకీ లేక పైలట్లకు ఇంకో విమానం నేర్చుకోవాల్సిన పరిస్థితి వచ్చింది.

ఆ కంపెనీలో ప్రస్తుతం పనిచేస్తున్న ఫస్ట్ ఆఫీసర్‌ని ఒకరిని పట్టుకుని, ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్‌లో పీఎఫ్ నెలనెలా పడుతోందా అని అడగండి. డబ్బుకు కటకట మొదలైన కంపెనీలో తరచూ ముందు ఆగేది అదే. ఎన్ని విమానాలు ఎగురుతున్నాయి, ఎన్ని విడిభాగాల్లేక నేల మీదున్నాయి అన్నదీ అతనికి తెలుస్తుంది.

బాండ్‌లో మూడు చూడండి. టైప్ రేటింగ్ ఖర్చు ఎవరిది? మానేస్తే కట్టాల్సిన మొత్తం నెలనెలా తగ్గుతుందా, లేక చివరి రోజు దాకా అంతేనా? కంపెనీయే మూతపడితే బాండ్ రద్దవుతుందని రాశారా? తేదీ వేయని చెక్కులు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వవద్దు. బాండ్ తీరాక కూడా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం ప్రకారం కోపైలట్‌కు ఆరు నెలల నోటీసు ఉంటుంది, కెప్టెన్ అయ్యాక అది ఏడాది.

ప్రశ్న: మా అమ్మాయి ఎం-1 (వృత్తి శిక్షణ విద్యార్థుల) వీసా మీద ఫ్లోరిడాలో ఫ్లయింగ్ నేర్చుకుంటోంది. అక్కడే రీజినల్‌లో చేరే వీలుందా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఆ వీసాతో కష్టం. అక్కడి రీజినల్స్ సాధారణంగా గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. ఎం-1లో చదువు ముగిశాక నాలుగు నెలల చదువుకు ఒక నెల చొప్పున, గరిష్ఠంగా ఆరు నెలలు మాత్రమే పని అనుభవానికి అనుమతి ఉంటుంది. 1,500 గంటలకు అది ఏ మూలకూ చాలదు. సీపీఎల్ చేతికి రాగానే ఇక్కడికి వచ్చి డీజీసీఏ లైసెన్సుగా మార్పించుకోవడం మంచిది. ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్ పరీక్షలకు ఇప్పటి నుంచే చదవమనండి. స్కిల్ టెస్టులు పాతబడిపోతే మళ్లీ ఎగరాల్సి వస్తుంది కాబట్టి తిరిగొచ్చాక నెలల తరబడి ఆలస్యం చేయవద్దు.