వేళ్లు వెతికేటప్పుడు: ఒక యువ రచయిత్రికి లేఖ

అమ్మాయికి,

నువ్వు పంపిన 24 పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి భోజనం అయ్యాక పడక్కుర్చీలో కూర్చుని, రెండోసారి చేతిలో పెన్సిల్ పట్టుకుని. ఇస్లామిస్టు ఉగ్రవాదం ఎక్కడ పుట్టింది, ప్రపంచమంతా ఎలా పాకింది అన్నది చిన్న విషయం కాదు. ఈ వయసులో దానికి తలపడ్డావు, నాకు నచ్చింది. భాష బాగుంది. కొన్నిచోట్ల మరీ బాగుంది, సరిగ్గా అక్కడే నాకు అనుమానం వచ్చింది.

మొదటి పేజీలో ఏడో శతాబ్దపు అరేబియా ఎడారి. మూడో పేజీకల్లా న్యూయార్క్‌లో కూలుతున్న జంట భవనాలు. మధ్యలో పదమూడు వందల ఏళ్లు ఏమైపోయాయమ్మా? విషబీజం, మహావృక్షం, దావానలం అంటూ పోయావు. చదువుతుంటే అదంతా ఎవరి ప్రమేయమూ లేకుండా తుపానులాగా వచ్చి పడినట్టుంది. మా పత్రిక డెస్కులో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎవరైనా 'ఉద్రిక్తత నెలకొంది' అని రాస్తే, 'ఎవరు నెలకొల్పారు?' అని అడిగి కాపీ వెనక్కి పడేసేవాడు. నేనూ నిన్ను అదే అడుగుతున్నాను. ఏ ఊళ్లో, ఏ ఏడాది, ఎవరు ఏం నిర్ణయించారు?

ముందు ఒక చిన్న సంగతి. ఒకే పేరాలో ముస్లిం, ఇస్లామిక్, ఇస్లామిస్టు అని మూడూ మార్చి మార్చి వాడావు. ఒకే మాట పదేపదే వస్తే బాగుండదని కాబోలు. ఇక్కడ ఆ సొగసు పనికిరాదు. ముస్లిం అంటే ఆ మతం మనిషి. ఇస్లామిస్టు అంటే రాజ్యమూ చట్టమూ మతం చెప్పినట్టే నడవాలనే రాజకీయం చేసేవాడు. వాళ్లలో బాంబు జోలికి పోకుండా ఎన్నికల్లో నిలబడేవాళ్లున్నారు. ట్యునీషియాలో అన్నహ్దా పార్టీ 2014 ఎన్నికల్లో ఓడిపోయింది, ఓడిపోయామని ఒప్పుకుంది కూడా. తుపాకీ పట్టినవాడు ఆ రాజకీయంలో ఒక చీలిక. ఈ మూడు మాటలూ కలిపేస్తే నీ 24 పేజీలూ వృథా.

నేనే రాస్తే ఈజిప్టులోని ఇస్మాయిలియా నుంచి మొదలెడతాను. 1928. అది సూయజ్ కాలువ కంపెనీ ఊరు. విదేశీ అధికారుల బంగళాలు ఒకవైపు, స్థానిక కూలీల ఇరుకిళ్లు ఇంకోవైపు. హసన్ అల్ బన్నా అనే బడిపంతులు అక్కడ ముస్లిం బ్రదర్‌హుడ్ అనే ఇస్లామిస్టు సంస్థ పెట్టాడు. బడి, మసీదు, దవాఖానా లాంటి పనులతోనే మొదలైంది. తర్వాత దానికి రహస్య సాయుధ విభాగం ఒకటి మొలిచింది. 1948 డిసెంబరులో ప్రధాని నుక్రాషీని ఆ సంస్థ సభ్యుడు కాల్చి చంపాడు. రెండు నెలలు తిరక్కుండానే కైరో వీధిలో బన్నానూ కాల్చేశారు. ఆ తర్వాత అధికారంలోకి వచ్చిన నాసర్ ఆ సంస్థవాళ్లను వేలమందిని జైళ్లలో కుక్కాడు. ఆ జైళ్లలోనే ఆ సంస్థ రచయిత సయ్యద్ కుతుబ్ రాసుకుంటూ కూర్చున్నాడు. 1966లో ఉరి తీశారు.

కుతుబ్ దగ్గర నువ్వు నాలుగు వాక్యాలతో సరిపెట్టావు. ఇంకాసేపు ఆగాల్సింది. జైల్లో తనను హింసించేవాడూ ముస్లిమే, నమాజు చేసేవాడే. మరి వీళ్ల పాలనను ఏమనాలి? ఇస్లాముకు ముందున్న అజ్ఞాన కాలాన్ని అరబ్బీలో జాహిలియ్యా అంటారు. నేటి పాలకులూ సమాజాలూ ఉన్నది ఆ జాహిలియ్యాలోనే అన్నాడు కుతుబ్. వెనకొచ్చినవాళ్లు ఆ మాటను ఇంకా దూరం లాక్కెళ్లారు. సాటి ముస్లింను 'నువ్వు ముస్లింవే కావు' అని వెలివేయడాన్ని తక్ఫీర్ అంటారు. మతంలో ఇది మామూలు విషయం కాదు, పండితులు శతాబ్దాలుగా ఎంతో జాగ్రత్తగా తాకుతూ వచ్చిన విషయం. దాన్ని చేతికందినవాడల్లా వాడేశాక, మసీదులో బాంబు పెట్టడానికి కూడా అడ్డు లేకుండా పోయింది. అల్జీరియాలోనూ ఇరాక్‌లోనూ పాకిస్తాన్‌లోనూ చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది ముస్లింలే ఎందుకయ్యారన్నది ఈ మాట తెలియకుండా అర్థం కాదు.

ఇక 1979. నీ వ్యాసంలో ఈ ఏడాది లేకపోవడం చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వెతికాను. ఫిబ్రవరిలో ఇరాన్ విప్లవం, డిసెంబరు చివర్లో అఫ్ఘానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం. ఈ రెండూ అందరూ రాస్తారు. ఈ రెంటికీ మధ్య నవంబరు 20న మక్కాలో జరిగింది మాత్రం చాలామంది వదిలేస్తారు. ముస్లింల హిజ్రీ క్యాలెండరు లెక్కన అది 1400వ సంవత్సరంలో మొదటి రోజు. తెల్లవారుజామున నమాజు పూర్తి కాగానే జుహైమాన్ అల్ ఉతైబీ మనుషులు తుపాకులు బయటికి తీశారు. పెద్ద మసీదు తలుపులు మూసేశారు. జుహైమాన్ ఒకప్పుడు సౌదీ నేషనల్ గార్డులో పనిచేసినవాడు. తన బావమరిదిని ముందు నిలబెట్టి, లోకాంతానికి ముందు వస్తాడని నమ్మే మహ్దీ ఈయనేనని ప్రకటించాడు. రాజవంశం అవినీతిలో మునిగిపోయిందనీ, పాశ్చాత్యులకు అమ్ముడుపోయిందనీ వాళ్ల ఆరోపణ.

అక్కడ ఆయుధం ఎత్తడం నిషిద్ధం. సైన్యాన్ని లోపలికి పంపాలంటే ఉలేమాలు, అంటే మత పండితులు, ఫత్వా అనే మతపరమైన తీర్పు ఇవ్వాలి. ఇచ్చారు. ఫ్రెంచి నిపుణుల సలహా కూడా తీసుకున్నారు. రెండు వారాలకు గానీ ముట్టడి ముగియలేదు. వందలమంది చనిపోయారు. జనవరిలో 63 మందికి వేర్వేరు నగరాల్లో బహిరంగంగా తలలు తీశారు. ఆ ముట్టడి వెనక అమెరికా ఉందని పుకారు లేచి, మర్నాడే ఇస్లామాబాద్‌లో అమెరికా రాయబార కార్యాలయం తగలబడింది. సెల్‌ఫోన్లు లేని రోజుల్లోనే పుకారు ఆ వేగంతో పోయింది, చూడు.

నాకు అసలు కథ ఆ తర్వాత ఉందనిపిస్తుంది. తిరుగుబాటుదారుల్ని చంపేసిన ప్రభుత్వమే వాళ్లు అడిగినవాటిలో చాలా చేసి పెట్టింది. సినిమా హాళ్లు మూతపడ్డాయి. మతపోలీసులకు బలం పెరిగింది. ఫత్వా ఇచ్చిన ఉలేమాల మాటకు విలువ పెరిగింది. చమురు డబ్బుతో ఆ కరుడు కట్టిన బోధన మదర్సాలుగా, పుస్తకాలుగా దేశదేశాలకు వెళ్లింది. అది ముందే మొదలైన పనే, కాకపోతే ఇక జోరందుకుంది. ఇంట్లో అగ్గిని పొరుగింటికి తోసినట్టు, కుదురులేని కుర్రాళ్లను అఫ్ఘానిస్తాన్‌కు సాగనంపారు.

అక్కడ లెక్క సూటిగా ఉంటుంది. అమెరికా డబ్బు, దానికి సమానంగా సౌదీ డబ్బు, పంచిపెట్టేది పాకిస్తాన్ గూఢచారి సంస్థ ఐఎస్‌ఐ. నెబ్రాస్కాలో ఒక విశ్వవిద్యాలయం అమెరికా ప్రభుత్వ నిధులతో తయారుచేసిన పాఠ్యపుస్తకాల్లో అఫ్ఘాన్ పిల్లలు తూటాలతో కూడికలు నేర్చుకున్నారు. పెషావర్‌లో అబ్దుల్లా అజ్జాం అనే పాలస్తీనా పండితుడు 1984లో అరబ్ కుర్రాళ్ల కోసం ఒక కార్యాలయం తెరిచాడు. డబ్బు పెట్టింది ఒసామా బిన్ లాడెన్. యుద్ధంలో ఈ అరబ్బులు చేసింది స్వల్పమే, పోరాడింది అఫ్ఘాన్లు. కానీ అరబ్బులకు అక్కడ పరిచయాలు దొరికాయి, చిరునామాలు దొరికాయి, ఒక అగ్రరాజ్యాన్ని ఓడించామన్న కథ దొరికింది. 1988 ఆగస్టులో ఆ పెషావర్‌లోనే అల్ ఖైదా పుట్టింది. తర్వాత వాళ్లు ఇళ్లకు పోయారు, అల్జీరియాకు, ఈజిప్టుకు, యెమెన్‌కు. విస్తరణ అని నువ్వు పెట్టిన పేరుకు అసలు అర్థం ఆ తిరుగు ప్రయాణాలే.

పేదరికమే కారణమని తేల్చేశావు. సెప్టెంబరు 11 హైజాకర్లు 19 మందిలో 15 మంది సౌదీలు. వాళ్ల నాయకుడు అత్తా జర్మనీలో నగర నిర్మాణం చదివాడు. అల్ ఖైదాలో బిన్ లాడెన్ తర్వాతివాడు జవాహిరీ సర్జన్. బిన్ లాడెన్ తండ్రి కోట్లకు పడగెత్తిన కాంట్రాక్టరు, ఆయన సంగతి చెప్పక్కర్లేదు. అలాగని పేదరికాన్ని కొట్టేయకు. నైజీరియాలో మైదుగురి నగరం లాంటి చోట బోకో హరామ్ అనే సాయుధ ముఠాకు కుర్రాళ్లు దొరకడంలో దాని పాలు ఉంది. అక్కడ కూడా 2009లో నాయకుడు మహమ్మద్ యూసుఫ్ పోలీసుల అదుపులో చనిపోయాకే ఆ ముఠా పూర్తిగా తెగబడింది.

ఇరాక్ భాగం బాగా రాశావు, దాని జోలికి పోను. ఒక్కటే చేర్చు. 2003 మేలో అమెరికా అధికారి బ్రెమర్ ఒక్క ఉత్తర్వుతో ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశాడు. ఆయుధం తెలిసిన లక్షలమంది జీతం లేకుండా ఇళ్లకు చేరారు. 2014లో ఇరాక్ నగరం మోసుల్‌ను పట్టుకున్న ఐసిస్ ముఠాలో ఆ రద్దయిన సైన్యం అధికారులు కొందరు తేలారు.

లిబియాలోని సిర్త్‌లో పాఠాలు చెప్పుకునే మన తెలుగు లెక్చరర్లు ఇద్దరు 2015 జులైలో కిడ్నాపై ఏడాదికి పైగా చెరలో ఉన్నారు. దాన్ని నువ్వు ఒక వాక్యంలో దాటేశావు. పెంచాలనుకుంటే ఆ కుటుంబాల ఏడుపు కాదు, అంత గొడవలో కూడా జీతం కోసం అక్కడే ఎందుకు ఉండాల్సి వచ్చిందో రాయి.

హైదరాబాద్ గురించి రాసిన పేజీ కొట్టేశాను. కోపం తెచ్చుకోకు. గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లు 2007 ఆగస్టు 25న జరిగాయి, 42 మంది పోయారు, నువ్వు రాసింది నిజమే. కానీ అదే వరుసలో అదే ఏడాది మేలో జరిగిన మక్కా మసీదు పేలుడునూ పడేశావు. ఆ కేసులో మొదట ముస్లిం యువకుల్ని పట్టుకున్నారు. వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. తర్వాత హిందూత్వ సంస్థలకు చెందినవాళ్లపై అభియోగం మోపారు. 2018లో వాళ్లనూ కోర్టు విడిచిపెట్టింది. ఆ రాత్రుల్లో నేను డెస్కులో ఉన్నాను. ఫోన్లో చెప్పిన అనుమానాన్ని హెడ్డింగులో ఖాయం చేసి పారేశాను. ఎడిషన్ టైము దాటిపోతోందన్న టెన్షన్ తప్ప నాకు ఇంకో సాకు లేదు. ఆ కటింగు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.

కాగితాలు రేపు కొరియర్లో పంపుతున్నాను. 18వ పేజీలో గుండ్రంగా చుట్టింది చూడు. 1998 ఆగస్టు 7న నైరోబీ, దారెస్సలాం నగరాల్లోని అమెరికా రాయబార కార్యాలయాల పేలుళ్లలో 12 మంది చనిపోయారని రాశావు. అది చనిపోయినవాళ్లలో అమెరికన్ల సంఖ్యమ్మా. మొత్తం 224. మిగతావాళ్లలో దాదాపు అందరూ ఆఫ్రికన్లు, బస్సుల్లో పోతున్నవాళ్లు, పక్క మేడలో పనిచేసుకుంటున్నవాళ్లు. ఆ 12 నీకు ఎక్కడ దొరికిందో గుర్తుంటే జవాబులో రాయి.