విద్యుదయస్కాంత శాస్త్రం అర్థం కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

విజయవాడలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నానని, గాస్ నియమం కంఠస్థమైనా అర్థం కావడం లేదని మీరు రాశారు.

వెక్టార్ కలనగణితంతో (దిశ కూడా ఉన్న రాశులు చోటుచోటుకీ ఎలా మారతాయో చెప్పే గణితం) మొదలుపెట్టండి, కానీ బొమ్మలుగా ఊహిస్తూ. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి కృష్ణను చూడండి. నీటిలో ఒక ఊహా పెట్టె ఉందనుకుంటే, లోపలికి వచ్చిన నీరంతా బయటికి పోతుంది. పెట్టెలో ఊట ఉంటే బయటికి పోయేదే ఎక్కువ. విద్యుత్ క్షేత్రానికి ఆ ఊట ధనావేశం. గాస్ నియమం చెప్పేది అదే. గేట్ల దిగువన సుడిలో చిన్న చక్రం ఎంత తిరుగుతుందో చెప్పేది కర్ల్.

స్థిర విద్యుత్తు, అయస్కాంతత్వం, ఫారడే ప్రేరణ (మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రాన్ని పుట్టించడం) వరుసగా సాగిపోతాయి. నిదానంగా ఆగవలసింది మాక్స్‌వెల్ చేర్చిన స్థానభ్రంశ ప్రవాహం దగ్గర. కెపాసిటర్ అంటే ఆవేశాన్ని నిల్వచేసే ఎదురెదురు పలకల జత; అది ఆవేశితమవుతున్నప్పుడు పలకల నడుమ తీగ లేదు, ఆవేశాలు దాటవు. అయినా అక్కడ అయస్కాంత క్షేత్రం ఉంటుంది! మారుతున్న విద్యుత్ క్షేత్రమే దానికి కారణం. మాక్స్‌వెల్ సమీకరణాల్లో ఆ ఒక్క పదం (టర్మ్) చేరాకే వాటి నుంచి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో సాగే తరంగం, అంటే కాంతి, బయటపడుతుంది. ఆ లెక్కను పుస్తకం చూడకుండా, మీ చేత్తో ఒకసారి పూర్తిగా చేయండి. ఈ శాస్త్రం మీద నాకు ప్రేమ పుట్టింది ఆ పూటే.