పాప టెన్నిస్ గురించి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

పాపను మామూలు బడి మాన్పించి బెంగళూరులో రోజంతా టెన్నిస్ నేర్పే అకాడమీలో చేరుస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల రాకెట్ పట్టుకుని ఊళ్లు తిరగబోతోందంటే నాకెంత గర్వంగా ఉందో! ఆ మాట వెంటే, ఒంగోలు స్థలం తాకట్టు పెడతావని కూడా చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెన్నైలో ఇన్నేళ్లు రాకెట్లకు గట్టింగ్ చేసి, అంటే తీగలు బిగించి బతికినవాణ్ని. ఈ ఆట ఒక ఇంట్లోకి వచ్చి ఏమేం పట్టుకుపోతుందో చూశాను.

రాకెట్లు రెండు కొను, ఒకే మోడల్, ఒకే బరువు. పెద్ద ఆటగాళ్లు వాడుతున్నారని పాలియెస్టర్ తీగలు వేయించకు. 11 ఏళ్ల పిల్ల మోచేతికి అవి మంచివి కావు, తెగకపోయినా బిగువు త్వరగా పోతుంది. సింథటిక్ గట్ అనే నైలాన్ తీగ చాలు. బూట్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, హార్డ్ కోర్టు వాటి అడుగును ఇట్టే తినేస్తుంది.

అకాడమీ ఫీజు నెలనెలా కనబడుతుంది కాబట్టి దాన్ని లెక్క వేసుకునే ఉంటావు. నడ్డి విరిచేది ప్రయాణాలు. అఖిల భారత టెన్నిస్ సంఘం ర్యాంకు కావాలంటే ఊరూరా టోర్నమెంట్లు ఆడాలి. అసలు పోటీకి ముందు జరిగే క్వాలిఫైయింగ్‌లో మొదటి మ్యాచే ఓడితే ఆ సాయంత్రమే తిరుగు ప్రయాణం, గెలుస్తూ పోతే వారమంతా హోటలు. తిరుగు రైలు ఏ రోజుకు బుక్ చేస్తావు? పిల్లతో పెద్దవాళ్లొకరు వెళ్లాలి, అంటే కోడలి సెలవులు కూడా ఖర్చులోకే. 13 నిండాక అంతర్జాతీయ జూనియర్ పోటీలు ఆడవచ్చు గానీ అక్కడ గెలిచినా పాయింట్లే, ప్రైజ్ మనీ ఉండదు. 2023లో సింగిల్స్‌లో మన దేశపు నంబర్ వన్‌గా ఉన్న సుమిత్ నాగల్, తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని చెప్పుకున్నాడు. అది చదివినప్పటి నుంచి ఎవరు పిల్లల్ని తీసుకొచ్చినా అదే గుర్తొస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. నా కొట్టుకు ఒకాయన వచ్చేవాడు, మన నెల్లూరు వైపు మనిషి. కొడుకు 14 ఏళ్ల లోపు విభాగంలో ఆడేవాడు, చేతిలో మంచి ఆట ఉంది. ఆయన ప్రతి టోర్నమెంటు ఖర్చూ ఒక చిన్న పుస్తకంలో రాసేవాడు. అందులో తప్పు లేదు. కానీ పిల్లవాడు ఓడినప్పుడల్లా ఆటోలో కూర్చోబెట్టి ఆ పుస్తకం చదివి వినిపించేవాడు: టికెట్లు ఇంత, గది ఇంత, ఈ గంట ఆటకు 12,000 రూపాయలు. కొన్నాళ్లకు ఆ పిల్లవాడు ఒంటరిగా కొట్టుకు వచ్చి, అరిగి గాడి పడ్డ తీగను గోటితో తడుముతూ, "అంకుల్, ఈ తీగ ఇంకో మ్యాచ్‌కి ఆగుతుందా?" అని అడగడం మొదలుపెట్టాడు.

జూనియర్ మ్యాచ్‌లలో చాలా వాటికి కుర్చీలో అంపైర్ ఉండడు, తన వైపు పడ్డ బంతి లోపలో బయటో ఆటగాడే చెప్పాలి. చెన్నై నుంగంబాక్కంలో ఆ పిల్లవాడి మ్యాచ్ ఒకటి చూస్తున్నాను. నేను కూర్చున్న కంచె పక్కనే బంతి సరిగ్గా గీత మీద పడింది, అంటే లోపలే. పిల్లవాడు వేలెత్తి అవుట్ అన్నాడు. అబద్ధాలాడే పిల్లవాడు కాదురా! ఆ క్షణంలో వాడికి గీత కనబడలేదు, ఆటోలో చదివే పుస్తకం కనబడింది. అవతలి అబ్బాయి ఫిర్యాదు చేస్తే అంపైర్ వచ్చి చివరిదాకా కోర్టు పక్కనే నిలబడ్డాడు. మ్యాచ్ గెలిచాడు గానీ తోటి పిల్లలు వాణ్ని నమ్మడం మానేశారు. ఏడాది తిరగకుండానే ఆట వదిలేశాడు. డబ్బు చాలక మానేశాడని ఆ తండ్రి ఇప్పటికీ అంటాడు. నేను ఒప్పుకోను.

నువ్వు కోపిష్టివి. చిన్నప్పుడు మార్కుల కాగితం చూసి మీ నాన్న అరిస్తే నా వెనక దాక్కునేవాడివి, మరిచిపోయావా? పాప ఓడి వచ్చిన రోజు ముందు తిండి పెట్టు. మ్యాచ్ మాట అదే ఎత్తాలి. ఖర్చు మాట మాత్రం నువ్వూ కోడలూ దాని చెవిన పడనీయకండి.

ఏడాదికి ఇంత అని ముందే అనుకోండి. అది అయిపోతే మళ్లీ ఏడాదిదాకా బయటి ఊళ్లు వద్దు, బెంగళూరులోనే ఆడనీ. ఈ వయసులో దక్షిణాది దాటి పోనక్కర్లేదు. చిన్నవాడి బడి డబ్బు ముట్టుకోవద్దు. ఓపెన్ స్కూల్‌లోనైనా సరే పాప పదో తరగతి గట్టెక్కాలి. మన తెలుగు టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేని అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడాడు. ఆ దారి తెరిచి ఉండాలంటే చదువు ఉండాలి.

చెన్నైలో టోర్నమెంటు పడితే హోటలు మాట ఎత్తకు, మన ఇల్లుంది. మీ పెద్దమ్మ అప్పుడే గది సర్దుతానంటోంది. రాకెట్లు తెచ్చుకోండి, గట్టింగ్ నేను చేస్తాను. స్థలం కాగితాలు మాత్రం నాతో మాట్లాడేదాకా బ్యాంకుకు తీసుకెళ్లవద్దు. ఆదివారం ఫోను చెయ్యి.

మీ పెదనాన్న