ఆదివారం భక్తి సోమవారం మండీలో ఎందుకు నిలవదు?

వందనాలు బ్రదర్. చిత్తూరు మామిడి మండీలో గుమాస్తాగా ఉన్నారు, చర్చి మానరు, ప్రార్థనా మానరు. అయినా సీజన్ వచ్చిందంటే కోపం, చిన్న చిన్న అబద్ధాలు ఆగడం లేదు, విశ్వాసం గుణంలోకి ఎప్పుడు దిగుతుంది అని కదా అడిగారు.

గలతీ పత్రికలోని ఆత్మఫలం, అంటే ప్రేమ, సంతోషం, సమాధానం లాంటి తొమ్మిది గుణాలనూ ఒకేసారి పట్టుకోవాలని చూడకండి. ఉపవాస కూటంలో అన్నిటికీ కలిపి తీర్మానం చేసుకుని, వారం తిరక్కుండానే జారి, 'నాలో విశ్వాసమే లేదేమో' అని కుంగిపోవడం మన సంఘాల్లో మామూలే. 2 పేతురు 1:5-7లో విశ్వాసంతో మొదలుపెట్టి సద్గుణం, జ్ఞానం, ఆశానిగ్రహం (తనను తాను అదుపులో పెట్టుకోవడం), సహనం... ఒకదాని వెంట ఒకటి పూర్ణ జాగ్రత్తతో అమర్చుకోమన్నాడు పేతురు.

మీరు కాటా దగ్గరే మొదలుపెట్టండి. దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11:1. తూకానికి ముందు సున్నా రైతుకు చూపించండి. ఖాళీ క్రేటును ఆయన ఎదుటే తూచి ఆ బరువే చీటీలో రాయండి. తడిసినవి బరువెక్కుతాయి, వాటిని వేరే తూచాలి. 1.8 కిలోల క్రేటుకు 'రెండు కిలోలేలే' అని తూకంలోంచి కోసేస్తే 100 క్రేట్లకు 20 కిలోల కాయ రైతుకు పోయినట్టే. నోరు అబద్ధమాడకపోయినా చీటీ ఆడుతుంది. పొద్దున ప్రార్థనా ఇంత సూటిగానే ఉండాలి: 'నన్ను మంచివాణ్ణి చెయ్యి' అని కాదు, 'ఇవాళ కాటా దగ్గర ఉన్నది ఉన్నట్టు రాయనియ్యి ప్రభువా' అని.

ఇక కోపం. బండ్లు వరుస కట్టి, అన్నం పొద్దుపోయినప్పుడే చాలామందికి నోరు జారుతుంది. ముందు వేళకు తినండి, అది కూడా ఆశానిగ్రహానికి సాయమే. జారిందా, పొద్దు గూకకముందే (ఎఫెసీ 4:26) ఆ మనిషి దగ్గరికెళ్లి 'పరుషంగా మాట్లాడాను, క్షమించన్నా' అని అక్కడితో ఆపండి. 'నువ్వు కూడా...' అని తోక తగిలిస్తే రెండో గొడవ మొదలు. దేవుడి దగ్గర ఒప్పుకున్నాం కదా అని మనిషిని దాటేయడం భక్తిపరులకే ఎక్కువ అలవాటు.

ఓనరే తక్కువ రాయమంటే? రైతుల ముందు వాదించొద్దు. సీజన్‌కు ముందే ఒంటరిగా కలిసి, 'మీరు కోసుకునేదేదో చీటీలో కనబడేట్టు రాస్తాను, తూకం మాత్రం మార్చను' అని చెప్పండి. పని పోయే పరిస్థితి ఉంటే పాస్టరుగారికీ, సంఘపెద్దల్లో ఒకరిద్దరికీ ముందే చెప్పి ఉంచండి. ప్రార్థించమనడంతో సరిపెట్టకుండా, వేరే పని చూసిపెట్టమని కూడా అడగండి.