గువామ్‌లో ఒంటరితనం పోవాలంటే

ఉద్యోగానికి గువామ్ రాబోతూ మీరు వీసా, అద్దె, కారు లైసెన్సు గురించి వివరంగా అడిగారు. గువామ్ పసిఫిక్ సముద్రంలో అమెరికా ఏలుబడిలోని ద్వీపం కనుక ఆ నిబంధనలన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్లలో దొరుకుతాయి. ఎవరి మధ్య బతకబోతున్నారో మాత్రం మీరు అడగలేదు. వచ్చే ముందు నేనూ అడగలేదు. అందుకే మొదటి ఏడాదంతా పలకరించే మనిషి లేక గడిపాను. మీ వయసులో ఉద్యోగమొక్కటే కనిపిస్తుంది; సాయంత్రం ఆరు దాటాక ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఇప్పుడు చెప్పినా మీకు అర్థం కాదు.

నేను దిగిన వారానికే పక్కింటి పెద్దావిడ, ఈ ద్వీపపు మూలవాసులైన చమోరో జాతి మనిషి, జాఫ్రా గింజలతో వండిన ఎర్రన్నం, నిమ్మరసం, కొబ్బరి కోరు, మిరపకాయలు కలిపిన కోడి కెలాగువెన్ గిన్నెలో తెచ్చి ఇచ్చారు. మన ఊళ్లోనైతే ఖాళీ గిన్నె తిప్పి పంపని నేను, పరాయి దేశం కదా అని గిన్నె కడిగి ఖాళీగానే ఇచ్చాను. మూడు నెలలకు ఆవిడ భర్త పోయారు. తొమ్మిది రాత్రులు జపమాలతో చేసే రోసరీ అనే క్రైస్తవ ప్రార్థన జరిగింది, వాడవాడంతా వెళ్లింది; మన మతం కాదు, పిలవలేదు అనుకుని నేను తలుపు వేసుకుని కూర్చున్నాను. ఎవరూ నన్నొక్క మాట అనలేదు, కానీ ఆ ఇంటి నుంచి మళ్లీ గిన్నె రాలేదు.

చావుకు ఎవరూ పిలవరని, మన చదివింపుల వంటి ‘చెంచులే’ అనే ఇచ్చిపుచ్చుకోవడం మీదే వారి బంధాలన్నీ నిలుస్తాయని తరువాత తెలిసింది. చావింట ఇచ్చే సొమ్మును ‘ఇకా’ అంటారు. ఎవరు ఎంత ఇచ్చారో మన పెళ్లిళ్లలో లాగే పుస్తకంలో రాసుకునే కుటుంబాలున్నాయి. సుమారు 3,500 ఏళ్ల క్రితం ఆగ్నేయాసియా దీవుల వైపు నుంచి పడవల మీద సముద్రం దాటి వచ్చిన వారి సంతతి వీరు. 1668లో మొదలైన స్పానిష్ పాలనలో యుద్ధాలకూ రోగాలకూ జనం చాలావరకు నశించారు. 1941 నుంచి 1944 దాకా జపాన్ ఆక్రమణనూ భరించారు. అన్ని దెబ్బలు తిన్న జాతికి ఒకరికొకరు అండగా ఉండడం మర్యాద కాదు, ప్రాణాధారం. దానికి వారు పెట్టుకున్న పేరు ‘ఇనాఫామావొలెక్’.

ఏడాది తిరిగాక ఆ పెద్దాయన పేరున మళ్లీ రోసరీ పెట్టినప్పుడు, ఒక గిన్నెడు పులిహోర, కవరులో కొంత సొమ్ము పట్టుకుని వెళ్లాను. సహోద్యోగి నేర్పినట్టే వంగి, ఆవిడ చేతిని నా ముక్కుకు తాకించి ‘న్యోరా’ అన్నాను. పెద్దావిడలకు ఇక్కడ అదే నమస్కారం. ఈనాడు మా ఊరి సెయింట్ పండుగకు నన్ను పిలవని ఇల్లు లేదు, కానీ దానికంతటికీ మొదలు ఆ రాత్రే.

ప్రార్థన అయ్యాక ఆవిడ పళ్లెం నా ముందుకు జరిపారు. అందులో వక్క, తమలపాకు, సున్నం ఉన్నాయి; వారి మాటల్లో ‘పుగువా’, ‘పుపులు’, ‘అఫోక్’. ఎలా వేసుకోవాలో చూపబోయేలోపే నేను మా నాయనమ్మలా ఆకు ఈనె తీసి, వేలితో సున్నం రాశాను. ఆవిడ నా చేతి వంక కాసేపు చూసి, బల్ల మీద పక్కకు జరిగి చోటిచ్చారు.