ఎమ్మెల్యే లేఖ రాస్తే ఫ్యాక్టరీ నిలుస్తుందా? మా గాజువాకలో చూసింది చెబుతాను

మీరు అడిగింది ఇది: "మా ఊరి ఫ్యాక్టరీని అమ్మేస్తారని ఒకరు, మూసేస్తారని ఒకరు అంటున్నారు. మా ఎమ్మెల్యే కేంద్రానికి లేఖలు రాస్తున్నారు, శిబిరంలో కూర్చుంటున్నారు. దీనివల్ల ఏమైనా ఒరుగుతుందా? ఆయన వెంట తిరగడం దండగా?"

దండగ కాదు. కానీ నాయకుడి వెంట తిరగడం వేరు, నాయకుడితో పని చేయించుకోవడం వేరు. ఈ తేడా తెలుసుకోవడానికి మాకు దాదాపు ఏడాది పట్టింది.

నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుప ఖనిజాన్ని కరిగించే పెద్ద కొలిమి) విభాగంలో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి 2019లో రిటైరయ్యాను. ఉండేది గాజువాకలో. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం ప్లాంటులో వంద శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఆ మాట ఊరికి తెలిసింది మాత్రం వారం తర్వాత, ఒక కేంద్ర కార్యదర్శి ట్విట్టర్‌లో పెట్టినప్పుడు. ఇక చూడాలి సందడి. విశాఖ ఉత్తరం ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు రాజీనామా చేశారు. అది నిర్ణీత నమూనాలో లేదంటే మళ్లీ రాసిచ్చారు. స్పీకర్ దాన్ని ఆమోదించింది 2024 జనవరిలో. అంటే దాదాపు మూడేళ్లకు, మరో నాలుగు నెలల్లోపే ఎలాగూ ఎన్నికలున్నాయనగా. గాజువాక మాజీ ఎమ్మెల్యే పల్లా శ్రీనివాసరావు ఆమరణ దీక్షకు కూర్చుంటే ఆరో రోజు తెల్లవారుజామున పోలీసులు ఆసుపత్రికి తరలించారు. అప్పటి ముఖ్యమంత్రి జగన్ ప్రధానికి లేఖ రాశారు. మే నెలలో శాసనసభ ప్రైవేటీకరణ వద్దని తీర్మానం చేసింది. కూర్మన్నపాలెం కూడలిలో రిలే దీక్షల శిబిరం వెలిసింది. నేనూ వారానికి రెండు రోజులు అక్కడే కూర్చునేవాణ్ణి.

ఇంత జరిగినా నిర్ణయం అంగుళం కదల్లేదు. ఎందుకు కదల్లేదో నాకు ఒక ప్రజాప్రతినిధి ఇంట్లో అర్థమైంది. పేరు అనవసరం, పార్టీ కూడా అనవసరం.

మా కాలనీ సంఘం తరఫున ఆరుగురం ఉదయం ఆరున్నరకే వెళ్లాం. హాల్లో ప్లాస్టిక్ కుర్చీల నిండా జనం. పింఛను ఆగిపోయినవాళ్లు, బదిలీ కావాల్సినవాళ్లు, పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్లు. మా వంతు వచ్చేసరికి తొమ్మిది దాటింది. మా అర్జీ నాలుగు పేజీలు, ఇరవై మూడు డిమాండ్లు. ఉక్కు ఉద్యమ చరిత్రతో మొదలై, ఉక్కునగరం వీధి దీపాల దాకా అన్నీ ఉన్నాయి. ఆయన చదవలేదు. చదివినట్టు పేజీలు తిప్పి పీఏకి ఇచ్చారు. ఆ కుర్రాడు మాత్రం చదివాడు. చదివి, మెల్లగా అడిగాడు: "బాబాయిగారూ, సార్‌కి మంత్రిగారి దగ్గర ఐదు నిమిషాలు దొరుకుతాయి. ఆ ఐదు నిమిషాల్లో ఏం అడగమంటారు?"

మేం ఆరుగురం ఆరు సమాధానాలు చెప్పాం.

అతను నవ్వలేదు. పక్కనున్న శుభలేఖ కవరు తిప్పి, పెన్సిల్‌తో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, పక్కన ఏమీ రాయకుండా నా చేతిలో పెట్టాడు. ఆ కవరు ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆర్థిక విభాగంలో పనిచేసి రిటైరైన మిత్రుడు, నేను నాలుగు రాత్రులు కూర్చుని ఆ మూడూ నింపాం. ఒకటి: సొంత ఇనుప ఖనిజ గని. ఏడాదికి 73 లక్షల టన్నుల సామర్థ్యమున్న ప్లాంటు ఇది. సొంత గనులున్న కంపెనీలతో మార్కెట్లో పోటీ పడుతూ, ఖనిజాన్ని మాత్రం బయట కొనుక్కుంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి కొత్తవలస–కిరండూల్ లైను మీద రైలు వస్తేనే మా ఫర్నేసుకు మేత. ఖనిజం ధర పెరిగిన ఏడాది మా లాభం గని యజమాని ఖాతాలోకి పోతుంది. రెండు: అప్పును వాటాగా మార్చడం, అంటే బాకీ తీర్చే బదులు అప్పిచ్చినవాళ్లకు సంస్థలో వాటా ఇవ్వడం. మూడు: రోజువారీ నడకకు వర్కింగ్ క్యాపిటల్. ఒకే కాగితం, ఒకే వైపు. వీధి దీపాలు తీసేశాం. అందుకు సంఘంలో ఒక పెద్దాయన నాతో నెల రోజులు మాట్లాడలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు ఆ నాయకుడు కుర్చీ దగ్గరకు లాక్కుని మరీ కూర్చున్నారు. "గిట్టుబాటు కాకపోతే ఆరు నెలలు ఆపి, ధర వచ్చాక మళ్లీ వెలిగించకూడదా?" అని అడిగారు. ఢిల్లీలో అడిగేది కూడా ఇదేనని నాకు అప్పుడు తట్టింది. నూలు మిల్లు వేరు, ఇది వేరు అని చెప్పాను. బొగ్గును కాల్చి కోక్‌గా మార్చే కోక్ ఓవెన్ గోడలు సిలికా ఇటుకలతో కడతారు. వెయ్యి డిగ్రీలకు పైగా వేడిలో ఏళ్ల తరబడి నిలుస్తాయి గానీ, ఒక్కసారి చల్లారితే కుంచించుకుని పగుళ్లిస్తాయి. మళ్లీ కట్టుకోవాల్సిందే. బ్లాస్ట్ ఫర్నేసును పద్ధతి లేకుండా ఆపితే అడుగున ద్రవ లోహం గడ్డకట్టి కూర్చుంటుంది. మా రోజుల్లో ట్యాప్ హోల్ (కరిగిన ఇనుము బయటికి వచ్చే రంధ్రం) తెరవడం అరగంట ఆలస్యమైతేనే ఇన్‌చార్జి ముఖం మాడిపోయేది. వారం తర్వాత ఒక సభలో ఆయన ఇదంతా చెప్పారు. కోక్ ఓవెన్ అనాల్సిన చోట బ్లాస్ట్ ఫర్నేస్ అన్నారు. పోనీండి, ప్రశ్న వేసిన విలేకరికి కూడా తేడా తెలియదు.

వీటన్నిటికంటే పదునైన ఆయుధం ఏదని నన్నడిగితే పార్లమెంటు ప్రశ్న అంటాను. 2021 మార్చిలో మన ఎంపీలు అడిగిన ప్రశ్నకు ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ లిఖితపూర్వకంగా జవాబిచ్చారు. వంద శాతం వాటా అమ్ముతున్నాం, ఆ సంస్థలో రాష్ట్రానికి వాటా లేదు అని. అప్పటిదాకా "ఇంకా ఏమీ తేలలేదు, తొందరపడొద్దు" అని మాకు నచ్చజెప్పినవాళ్ల నోళ్లన్నీ ఆ ఒక్క కాగితంతో మూతపడ్డాయి. ఆ రాత్రే కూర్మన్నపాలెంలో జనం జాతీయ రహదారి మీదకు వచ్చేశారు. వాటా లేదట! అరవై నాలుగు గ్రామాలు ఖాళీ అయితే వచ్చిన నేల అది. నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లయినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ధర్నాలో ఇచ్చిన హామీని ఎవరైనా మరచిపోవచ్చు, సభలో ఇచ్చిన జవాబు రికార్డులో ఉంటుంది.

అసలు కదలిక వచ్చింది 2024 ఎన్నికల తర్వాత. గాజువాకలో పల్లా శ్రీనివాసరావు 95 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. రాష్ట్రం మొత్తంలో అదే అత్యధికం. దాని వెనుక ఉక్కు ఉందని వేరే చెప్పాలా? అయినా ఢిల్లీని కదిలించింది ఆ మెజారిటీ కాదు, లోక్‌సభ లెక్క. బీజేపీకి సొంతంగా మెజారిటీకి చాలని 240 సీట్లే వచ్చాయి, తెలుగుదేశం చేతిలో 16 మంది ఎంపీలున్నారు. జూలైలో ఉక్కుమంత్రి కుమారస్వామి ప్లాంటుకు వచ్చి చూశారు. సెప్టెంబరు నాటికి మూడు ఫర్నేసుల్లో ఒక్కటే నడుస్తోంది. 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. అందులో 10,300 కోట్లు వాటా మూలధనం. మిగతా 1,140 కోట్లు వర్కింగ్ క్యాపిటల్ రుణాన్ని ప్రిఫరెన్స్ షేర్లుగా (ఒక రకం వాటాగా) మార్చడం. మా కాగితంలోని రెండో అంశం, మూడో అంశం అన్నమాట. మా కాగితం వల్లే వచ్చాయని అనను, అంత భ్రమ లేదు. ఇలాంటివే యూనియన్లూ అడిగాయి, 2021లో జగన్ రాసిన లేఖలోనూ అప్పును వాటాగా మార్చాలన్న మాట ఉంది. కానీ ఇవ్వాలనుకున్న రోజున ఏమివ్వాలో అవతలివాడికి ముందే తెలిసి ఉండటం చిన్న విషయం కాదు.

ఒకటో అంశం, గని, రాలేదు. 2021 నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంటున్నామన్న మాట కూడా ఆ ప్యాకేజీ ప్రకటనలో లేదు. ఆ తర్వాత ఒప్పంద కార్మికులను పెద్ద సంఖ్యలో తగ్గించారు. ప్రతిపక్షంలో ఉండగా శిబిరంలో మా పక్కన కూర్చున్నవాళ్ల గొంతు అధికారంలోకి వచ్చాక కాస్త తగ్గింది. అప్పట్లో అధికారంలో ఉన్నవాళ్ల గొంతు ఇప్పుడు పెరిగింది. దీనికి ఆశ్చర్యపోయే వయసు దాటిపోయాను. మీ ఎమ్మెల్యే ఏ వైపున్నా, రెండో వైపు నాయకుడికి కూడా అదే కాగితం ఇచ్చి ఉంచండి.

ఎంత కాలం పడుతుందని కూడా మీరు అడగబోతారు కాబట్టి చెబుతున్నాను. 1966లో ఈ ప్లాంటు కోసం అరవైమందికి పైగా ఎమ్మెల్యేలు రాజీనామా చేశారు, కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించింది 1970 ఏప్రిల్‌లో. మొదటి ఫర్నేసు "గోదావరి" వెలిగింది 1990లో. నేను ఉద్యోగంలో చేరింది ఆ ఏడాదే.

కాబట్టి ఈ వారం చేయాల్సిన పని: మీ ఫ్యాక్టరీ లెక్కలు తెలిసినవాణ్ణి, వీలైతే రిటైరైనవాణ్ణి, పట్టుకోండి. ఉద్యోగంలో ఉన్నవాడు భయపడతాడు. ఎవరు సంతకం పెడితే అయ్యే పని ఏదో తేల్చండి. విద్యుత్ చార్జీ అయితే రాష్ట్రం, గని లీజు అయితే ఇంకొకరు, బ్యాంకు బకాయి అయితే మరొకరు. ముఖ్యమంత్రి చేతిలో లేని దాన్ని ముఖ్యమంత్రిని అడిగి ఏడాది పోగొట్టుకోకండి. ఎమ్మెల్యే చేత అసెంబ్లీలో, ఎంపీ చేత పార్లమెంటులో ప్రశ్న వేయించండి. అర్జీ ఇచ్చినప్పుడు నకలు మీద తేదీతో సహా ముద్ర వేయించుకోండి. పీఏ ఫోన్ నంబరు కూడా అడిగి తీసుకోండి.